మా ఊరి కూత గుడుగుడు

తడిపిన మట్టి మీద సున్నం పడినప్పుడు ఒక వాసన వస్తుంది. ముక్కుకు కొంచెం ఘాటుగా తగిలి, వెంటనే చల్లబడిపోయే వాసన. కువైట్‌లో ఆ వాసన నాకు శుక్రవారం పొద్దున సబ్హాన్‌లో దొరుకుతుంది. అక్కడ గోదాముల వెనక, పాత టైర్ల కుప్పకూ ఒక వర్క్‌షాపు ప్రహరీకీ మధ్య కొంత ఖాళీ జాగా ఉంది. మన పిల్లలు పొద్దు పొడవకముందే అక్కడికి వచ్చి, రాళ్ళూ ఇనుప ముక్కలూ ఏరి పారేసి, పారలతో ఇసుకను గుల్ల చేసి, డ్రమ్ములో తెచ్చిన నీళ్ళు చల్లి, పనిచోట మిగిలిన సున్నప్పొడితో గీతలు గీస్తారు. అదే కబడ్డీ బరి. చలికాలమంతా వారానికో ఆట ఉంటుంది. జగిత్యాల వాళ్ళదొక జట్టు, నిజామాబాద్ వాళ్ళదొకటి, గోదావరి జిల్లాల వాళ్ళదొకటి. పెద్ద ఆటలు కావు, పేపర్లో పడవు. చూడడానికి వచ్చేవాళ్ళు కూడా ఎవరి ముద్ద వాళ్ళు సంపాదించుకునేవాళ్ళే. వారానికి ఒక్క సెలవును నిద్రకు ఇవ్వకుండా ఆటకు ఇచ్చినవాళ్ళు.

నేను హవల్లీలో నా బిడ్డ లత ఇంట్లో ఉంటాను. ఆమె నర్సు. అల్లుడు శ్రీనివాస్ లిఫ్టులు బాగు చేసే పనిలో ఉన్నాడు, జగిత్యాల జట్టును కూడగట్టేది అతనే. జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి నేనూ పోతాను. ఒక వారం సబ్హాన్, ఒక వారం ఎగైలాలో ఇళ్ళ మధ్య మిగిలిపోయిన రాళ్ళ జాగా. ఎగైలా నేల మంచిది కాదు, మోకాళ్ళు చీరుకుపోతాయి. సబ్హాన్‌లో నేల మెత్తన, గాలి వస్తే మాత్రం దుమ్ము పళ్ళ మధ్య కరకరమంటుంది. నాకొక మడత స్టూలు, ఫ్లాస్కులో చాయ, స్టీలు డబ్బా నిండా గుడాలు ఉంటాయి. గుడాలంటే శనగలో అలసందలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి వేసి పోపు పెట్టినవి. ఆట అయ్యేదాకా ఎవరికీ పెట్టను. కడుపు నిండితే దమ్ము ఆగదు.

మొదట్లో లత వద్దంది. "గా దుమ్ములకు నువ్వెందుకమ్మా పోవుడు" అని. "ఇంట్ల ఒక్కదాన్ని కూసుంటే టీవీ దండుగ, లైటు దండుగ" అన్నాను.

అసలు కారణం ఆ వాసన. అది తగలగానే నేను స్టూలు మీద కూర్చున్న ముసలిదాన్ని కాకుండా, మా బాపమ్మ కొంగు పట్టుకుని ఎవరిదో ఊరిలో, ఎవరిదో కల్లంలో నిలబడ్డ పిల్లనవుతాను. బాపమ్మ అంటే మా నాయన తల్లి. నాయన భివండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. పండక్కి వస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. ఇంట్లో మా అమ్మ, బాపమ్మ, నేను, నాయన తమ్ముడు ఎల్లయ్య. ఆయనను కాకా అని పిలిచేదాన్ని. మా ఊరికి కబడ్డీ జట్టు ఉండేది. అందులో మొనగాడు మా కాకే. ఆ రోజుల్లో మా దిక్కున పీర్ల పండుగకు, కాముని పున్నానికి, జాతరలకు ఊరూరా ఆటలు పెట్టేవాళ్ళు. గెలిచిన జట్టుకు ఒక్కోచోట కొబ్బరికాయలూ తువ్వాళ్ళూ, గట్టి ఊరైతే పొట్టేలు.

జట్టు పోతే వెంట ఊరిలో సగం మంది పోయేవాళ్ళు. మగవాళ్ళు నడిచి, ముసలివాళ్ళూ పిల్లలమూ బండి మీద. వానలు వెనకబట్టాక పోతే దారి పొడుగునా సీతాఫలాలు, కళ్ళు విచ్చినవి కోసుకుని వరిగడ్డిలో దాచుకునేవాళ్ళం. చలికాలం పోతే రేగుపళ్ళు, చేలల్లో దొంగచాటుగా పీకి అక్కడే మంట వేసి కాల్చుకున్న పచ్చి శనగ. ఎండలు ముదిరాక పోతే తునికి పళ్ళు, నోరు పిడచకట్టే దాహం, ఎడ్ల మెడల కింద చెమట వాసన, కాముని పున్నానికి మోదుగుపూలు ఉడకబెట్టిన రంగు మరకలు ఎవరి అంగీ చూసినా. బండిలో మా కాళ్ళ దగ్గర మూటలుండేవి. మొక్కజొన్న రవ్వ కాచిన మక్క గట్క ఒక గిన్నెలో, పచ్చిపులుసు ఒక ముంతలో, బియ్యప్పిండిలో నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి ఒక గుడ్డలో, ముంత మూతికి మోదుగాకు. పీర్ల పండుగ ఊరికి పోతే పీర్ల దగ్గర మలీద ముద్దలు ప్రసాదంగా దొరికేవి. రొట్టె, బెల్లం కలిపి దంచిన ఆ ముద్దకు ఊదు పొగ వాసన అంటుకుని ఉండేది.

బయటి ఊరికి పోయినప్పుడు ఎట్లా ఉండాలో బాపమ్మ బండి ఎక్కకముందే చెప్పేది. మన నీళ్ళు మనం తాగాలి. మన సద్ది మనం తినాలి. వాళ్ళ కల్లంలో ఉమ్మకూడదు. గెలిస్తే నవ్వుకుంటూ రావాలి, ఓడితే మాట్లాడకుండా రావాలి. కొట్లాటకు దిగినవాడిని బండి ఎక్కించేది కాదు, నడిచి రమ్మనేది. ఇన్ని కట్టడులు పెట్టే మనిషి, ఎదుటి ఊరి ఆడవాళ్ళు గోడ మీద కూర్చుని నోరు చేసుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి ఒకామె, "గట్క తాగెటోళ్ళకు దమ్మెక్కడిదే ముసలిదానా" అంది. "మా గట్క తాగినోడు గీత ముట్టుడు గాదు బిడ్డా, మీ ఇంటి గొళ్ళెం ముట్టి అస్తడు, తలుపు దగ్గరకేసుకో" అని బాపమ్మ. ఆమె పక్కనున్నవాళ్ళే ముందు నవ్వారు.

ఇక కూత సంగతి చెప్పాలి. కబడ్డీ ఆడేవాడు నడిమి గీత దాటి ఎదుటివాళ్ళ బరిలోకి పోయేటప్పుడు ఊపిరి తీసుకోకుండా ఒకే మాటను విడవకుండా అనాలి. అది కూత. ఆ ఒక్క దమ్ములోనే ఎవరినో ముట్టి వెనక్కి రావాలి, వచ్చేదాకా దమ్ము తెగకూడదు. ఇప్పుడంటే అందరిదీ ఒకే కూత, కబడ్డి కబడ్డి అని. అప్పుడు ఊరికో కూత. గోదావరి అవతలి ఊరివాళ్ళు చెడుగుడు అనేవాళ్ళు. మా ఊరిది గుడుగుడు. ఎవరు పెట్టారో తెలియదు. మా తాతా అదే అన్నాడట, ఆడపిల్లలం ఇంటి వెనక దొంగతనంగా ఆడుకుంటే మేమూ అదే అన్నాం. ఎల్లయ్య కాకకైతే అది ఆట మాట ఒక్కటే కాదు. మోట కొట్టేటప్పుడు ఎడ్లు బావి దగ్గర నుంచి దిగుడు దారిలో కిందికి నడుస్తుంటే వాటి వెంట గుడుగుడు గుడుగుడు అనుకుంటూ పోయేవాడు, తోలు బొక్కెన పైకొచ్చి నీళ్ళు కాలువలో పడేదాకా ఒకటే దమ్ము. అట్లా పెరిగిన దమ్ము ఆయనది.

ఒక ఏడు ఎండాకాలం ముందు పట్నంలో పెద్ద ఆటలు పెట్టారు. పట్నం దగ్గర చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, వాళ్ళకు సొంత జట్టు ఉంది, జట్టులో ఒక మనిషి తక్కువపడ్డాడు. ఈ ఆటల్లో బాగా ఆడినవాడిని తీసుకుని ఫ్యాక్టరీలో నౌకరి ఇస్తారని కబురు వచ్చింది. ఇంట్లో ఆ మాట పడ్డ దగ్గర నుంచి బాపమ్మకు వేరే ధ్యాస లేదు. పెద్ద కొడుకు భివండి పాలయ్యాడు. చిన్నవాడి ఈడు వాళ్ళు అప్పటికే ఒక్కొక్కరే బొంబాయి దారి పడుతున్నారు. ఫ్యాక్టరీలో నౌకరి దొరికితే సైకిలు మీద పోయి సైకిలు మీద రావచ్చు. కొడుకు ఇంట్లో తిని ఇంట్లో పడుకుంటాడు. ఆమెకు కావలసింది అదే.

ఒక్కటే చిక్కు. పట్నంలో ఆట నడిపేది బడిలో డ్రిల్లు సారు. ఆయన సర్కారు రూలు ప్రకారం నడుపుతాడు, కూత కబడ్డి అనే ఉండాలి, వేరే మాట వస్తే అవుటు. కాక నవ్వి, "మాటనే గద, మార్చుకుంట" అన్నాడు. మార్చుకోవడం మొదలుపెట్టాక తెలిసింది. పొద్దున మోట దగ్గర కబడ్డి కబడ్డి అని అదిలిస్తే ఎడ్లు కదల్లేదు. తల తిప్పి, ఇది ఎవరి గొంతా అన్నట్టు వెనక్కి చూశాయి. బొక్కెన బావిలోనే ఉండిపోయింది. బాపమ్మ వచ్చి, "ఎడ్లకు రూలు జెప్పకు, ఇంటికాడ నేర్చుకో" అంది.

ఇంటి దగ్గర నేర్పేదాన్ని నేను. సాయంత్రం కల్లంలో కాక ఒంటరిగా ఆ చివరి నుంచి ఈ చివరికి కూత పెడుతూ ఉరుకుతుంటే, నేను అరుగు మీద ఒడి నిండా చింతగింజలు పోసుకుని కూర్చునేదాన్ని. మాట జారి గుడుగుడు వచ్చినప్పుడల్లా ఒక గింజ ఆయన మీదికి విసరాలి. మొదటి రోజు ఒడి ఖాళీ అయింది. చీకటి పడేముందు బాపమ్మ నన్ను పట్టుకుని ప్రతి గింజా ఏరించింది. వేయించి నానబెట్టుకుంటే తినడానికి పనికొస్తాయి, మట్టిలో కలపడానికి కాదు. కాకకు తీరిక ఉండగా మాట నిలబడేది. ఆయాసం వస్తే జారేది. కానీ రోజురోజుకూ నా ఒడిలో గింజలు మిగలడం మొదలైంది. బయలుదేరే ముందు సాయంత్రం నేను ఒక్క గింజ కూడా విసరలేదు. "పోరీ, ఇగ నీ గింజలు నువ్వే బుక్కు" అని కాక నా నెత్తి మీద తట్టాడు.

పట్నం ఆట బడి ముందర. షామియానా కింద కుర్చీల్లో ఫ్యాక్టరీ పెద్దమనుషులు, చుట్టూ తాడు, తాడు వెనక మేము. అన్ని ఊళ్ళ డప్పులూ ఒకేసారి మోగుతున్నాయి. నీళ్ళు చల్లిన మట్టి మీద కొత్త సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ వాసన నా ముక్కులో పాతుకున్నది ఆ రోజే అనుకుంటాను. కాక పొద్దుటి నుంచీ బాగా ఆడాడు. కబడ్డి కబడ్డి అని ఆయన గొంతులో వింటే నాకు ఎవరో పరాయివాడు ఆడినట్టుండేది, కానీ మాట ఎక్కడా జారలేదు. కుర్చీలో ఒకాయన పక్కాయనకు కాకను వేలు పెట్టి చూపించడం బాపమ్మ చూసి, నా చెయ్యి నొక్కింది.

చివరి ఆటలో రెండు జట్లూ సమానం. ఆఖరి కూత కాకది. పోయాడు, ఒకడిని ముట్టాడు, తిరిగేలోగా వెనక నుంచి ఒకడు నడుము పట్టాడు, ఇంకొకడు కాలు, పక్కనున్నవాళ్ళు మీద పడ్డారు. కాక ముఖం మట్టిలో ఉంది. ఒక చెయ్యి మాత్రం బయట ఉంది, నడిమి గీత వైపు వేళ్ళతో నేలను గోకుతూ. డప్పులు ఆగిపోయాయి. మట్టిలో నుంచి కూత సన్నగా వినిపిస్తోంది, కబడ్డి, కబడ్డి, ఇంకా సన్నగా, ఇక ఆగిపోతుందనుకున్న చోట ఆగలేదు. గుడుగుడు గుడుగుడు అని లావుగా లేచింది. మోట దారిలో వినిపించే గొంతు అది. ఆ గొంతుతో పాటే ఒళ్ళూ లేచింది, మీద పడ్డ మనుషులందరినీ ఈడ్చుకుంటూ వచ్చి చెయ్యి గీత మీద పెట్టాడు. మా ఊరివాళ్ళంతా తాడు తెంచుకుని లోపలికి ఉరికారు.

సారు ఈల ఊది, చెయ్యి పైకెత్తి, అవుటన్నాడు.

బాపమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ఆయన ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"దమ్ము తెగిందా సారూ?"

"దమ్ము తెగలేదమ్మా. మాట మారింది."

"దమ్ము తెగకపోతే అవుటెట్లయితడు?"

"రూలు అది. ముందే చెప్పిన."

నిజమే, ముందే చెప్పాడు. ఆయనను అనడానికి ఏమీ లేదు. బాపమ్మ మాట్లాడకుండా వచ్చి బండెక్కింది. ఆమె పెట్టిన కట్టడే అది. నౌకరి గెలిచిన జట్టులో ఒకతనికి పోయింది. దారిలో ఎవరూ మూట విప్పలేదు. సర్వపిండి మరునాడు మెత్తబడితే బాపమ్మ పెనం మీద మళ్ళీ కాల్చి పెట్టింది, పారెయ్యలేదు.

కాక ఆ వానాకాలం దాకా ఊరిలో ఉన్నాడు. తర్వాత బొంబాయి, అక్కడి నుంచి ఒక ఏజెంటును పట్టుకుని కువైట్. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇటు వచ్చిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. పోయేనాడు బస్సు దగ్గర బాపమ్మ ఏడవలేదు. "నోట్లెకు ఏ మాటస్తె గా మాట అను కొడుకా, దమ్ము మాత్రం తెగనియ్యకు" అంది.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కాక చెప్పాడు. ఇక్కడ కట్టే బిల్డింగుల్లో ఆయన పని, టైల్స్ పెట్టెలు భుజానికెత్తుకుని పై అంతస్తులకు మోయడం. లిఫ్టు చివరికి గాని పెట్టరు కదా. మెట్లు ఎక్కుతుంటే తెలియకుండానే నోట్లోంచి గుడుగుడు వచ్చేదట, అది అంటూ ఎక్కితే ఆయాసం తెలిసేది కాదట. ముందు అరబ్బీ ఫోర్‌మన్ వీడికి పిచ్చి అనుకున్నాడు. తర్వాత అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. యల్లా గుడుగుడు అంటే ఈయన పరుగు. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కాగితం మీద పేరొకటి, పనిలో పేరొకటి. బాపమ్మ అంతా విని, "గా అరబ్బాయినకున్న తెలివి డ్రిల్లు సారుకు లేకపాయె" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె నవ్వింది అప్పుడేనేమో, వీపు నా వైపు ఉంది.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఏ బిల్డింగులకు మోశాడో కాక చెప్పలేదు, నేనూ అడగలేదు. హవల్లీలో పాత బిల్డింగులు చూసినప్పుడు మెట్ల మీది టైల్స్ వంక చూస్తాను, అంతే.

ఈ మధ్య ఒక శుక్రవారం సబ్హాన్‌లో మా వాళ్ళకూ గోదావరి వాళ్ళకూ ఆట. నడిపేది మురళి, కోనసీమ మనిషి, ఏసీలు బిగించే పని. మొదలుపెట్టే ముందు వాళ్ళ జట్టులో ఒకతను తనకు చెడుగుడు అలవాటని, కబడ్డి అంటే నాలుక తిరగదని అన్నాడు. మా వాళ్ళు కుదరదన్నారు. మురళి ఇద్దరి మధ్యకూ వచ్చి, "ఏదోటి అనుకోండి బాబూ, ఎవరి కూత ఆళ్ళది. ఊపిరి తెగకూడదండి, అంతే. తెగితే ఖలాస్" అన్నాడు. అందరూ సరేనన్నారు. అంతటితో అయిపోయింది. బాపమ్మ ఆ మాట వింటే ఏమనేదో తెలియదు. అంత చిన్న మాటకు పట్నం దాకా బండి కట్టుకుని పోయి వచ్చాం.

మా జట్టులో ప్రశాంత్ అని మంచి ఆటగాడున్నాడు, గోదాములో సరుకు దించే పని, మా పక్క ఊరి పిల్లవాడు. అతన్ని పిలిచి, గుడుగుడు కూత ఎప్పుడైనా విన్నావా అని అడిగాను.

"గదేందవ్వా, హుక్కా పీల్చుడా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మీ తాతనడుగు" అన్నాను.

"తాత పోయిండవ్వా" అని చెప్పి ఆటకు పోయాడు.

మా ఊరిలోనూ అడిగి చూశాను, పోయినసారి పోయినప్పుడు. కల్లాలు లేవు, వడ్లు రోడ్డు మీదే ఎండబోస్తున్నారు. మోట పోయి మోటారు వచ్చింది, ఇప్పుడు ఆ బావి కూడా పూడ్చేశారు. ఎడ్లు ఉన్న ఇల్లు కనబడలేదు. పిల్లలు కబడ్డీ టీవీలో చూస్తున్నారు. అందులో ఆటగాడి కూత వినిపించదు, చూసి చెప్పేవాళ్ళ గోలే వినిపిస్తుంది.

ఆ రోజు మా వాళ్ళు ఓడిపోయారు. ప్రశాంత్‌ను పట్టుకున్నారు, దమ్ము చాలలేదు. నేను డబ్బా తెరిచి రెండు జట్లకూ గుడాలు పెట్టాను. గెలిచినవాళ్ళే ఎక్కువ తిన్నారు. మురళి తింటూ, "ఉప్పు తక్కువైందండి అమ్మగారూ" అంటే, "చెమట ఆరినంక తిను, సరిపోతది" అన్నాను. స్టూలు మడిచి కారులో పెట్టుకుని వచ్చేశాం.

దారిలో కందిపప్పు సంచి తీసుకున్నాం. ఇల్లు చేరేసరికి మా బిల్డింగులో లిఫ్టు నడవడం లేదు. కువైట్ అంతా లిఫ్టులు బాగు చేసే మా అల్లుడు ఈ లిఫ్టును ముట్టుకోకూడదు, దీని కంపెనీ వేరు. అతను కారు పెట్టడానికి జాగా వెతుక్కుంటూ పోయాడు, నేను వచ్చి మోస్తా ఉండు అత్తమ్మా అంటూ. ఖాళీగా నిలబడడం నాకు చాతకాదు. సంచి చంకన పెట్టుకుని, మెట్ల దగ్గర ఒకసారి గట్టిగా గాలి పీల్చుకుని, గుడుగుడు గుడుగుడు అనుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాను. కింద కుర్చీలో కూర్చున్న కావలి మనిషి ఈజిప్టు అతను, నన్ను మామా అంటాడు, వాళ్ళ భాషలో అమ్మ అని. ఫోనులోంచి తలెత్తి చూశాడు. మొదటి మలుపు దాటాను. రెండో మలుపు దగ్గర ఛాతీ పట్టేసి, సంచి మెట్టు మీద దించి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"ఖలాస్, మామా?" అని కింద నుంచి కేకేశాడు.

అతను అడిగింది నిజమే. దమ్ము తెగింది. మాట మాత్రం మారలేదు.